భర్తకు వేరే సంబంధం ఉందని తెలిస్తే: రచ్చ కాకుండా, మీరు నలిగిపోకుండా ఏం చేయాలి

ఫోన్‌లో ఆ మెసేజ్ కంటపడగానే చేతులు వణుకుతాయి, వెంటనే అమ్మకు ఫోన్ చేయాలనిపిస్తుంది. ఆ ఒక్క రాత్రికి ఆగండి. ఒడిశాలోని ఈ బరంపురంలో మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నా ఎక్కడో ఒకచోట చుట్టరికం కలుస్తుంది. ఇవాళ ఇచ్ఛాపురంలో పుట్టింటికి చెప్పిన మాట రేపు పొద్దున్నకి ఇక్కడ మీ ఆడపడుచు చెవిన పడుతుంది, ఆ తర్వాత మీ ఆయన తప్పు ఒప్పుకుందామనుకున్నా ఒప్పుకోలేడు, ఎందుకంటే అప్పటికి అతను జవాబు చెప్పాల్సింది మీకు కాదు, ఊరికి. భార్య విషయం తెలిసిన మగవాళ్ళకూ ఇదే చెప్తాను.

నేను నాలుగేళ్ళు బ్యాంకాక్‌లో హోటల్ పని చేశాను. థాయ్ భాషలో 'నా' అంటే ముఖం. పరువు పోతే 'సియా నా' అంటారు, ముఖం పోయిందని. మనం ముఖం చెల్లట్లేదు అనుకుంటామే, అదే బాధ. నలుగురిలో ఎదుటి మనిషి ముఖం నిలబెట్టడం 'వై నా'. మన చిన్నిల్లుకి కూడా వాళ్ళకో మాటుంది, 'మియా నోయ్', అంటే చిన్న భార్య. బహుభార్యత్వం 1935లోనే చట్టం నుంచి పోయినా ఆ మాట పోలేదు. చాలాకాలం అక్కడి చట్టంలో భర్తతో సంబంధాన్ని బాహాటంగా చాటుకున్న స్త్రీ నుంచే భార్య పరిహారం అడగగలిగేది, గుట్టుగా ఉంటే అడగడానికి వీలుండేది కాదు. భర్తకేమో ఆ షరతు ఉండేది కాదు. 2024లో వాళ్ళ రాజ్యాంగ న్యాయస్థానం ఈ తేడా సమానత్వానికి విరుద్ధమంది.

నాతో పనిచేసిన ఒకావిడ భర్త విషయం తెలిసినా నలుగురిలో ఒక్క మాట తూలలేదు. అది నేర్చుకోవాల్సిందే. కానీ మూడేళ్ళు ఎవరికీ చెప్పుకోక తిండి మానేసి చిక్కిపోయింది, అది మాత్రం వద్దు.

కాబట్టి ముందు మీకు తెలిసిందేమిటో, అనుమానమేమిటో విడివిడిగా రాసుకోండి. ఫొటోలు, మెసేజ్‌లు దాచుకోండి, ఫ్యామిలీ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. పిల్లలు బడికి వెళ్ళినప్పుడు, అతను తాగి లేనప్పుడు తలుపు వేసుకుని అడగండి. "ఎందుకిలా చేశావు" అని మొదలుపెడితే గొడవే అవుతుంది. "నాకు తెలిసింది, నువ్వు చెప్తే వింటాను" అని ఊరుకోండి, ఆ మౌనాన్ని అతన్నే భరించనివ్వండి. ఇంట్లో ఒక్కరికి, నోరు జారని ఒక్క అక్కకో పిన్నికో చెప్పుకోండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఐసీటీసీ అనే సలహా, పరీక్షా కేంద్రంలో హెచ్ఐవీ పరీక్ష ఉచితం, సిగ్గుపడకుండా చేయించుకోండి, వివరాలు బయటికి చెప్పరు.

పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళాల్సి వస్తే ఇద్దరు ముగ్గురికి మించొద్దు, అందులో ఒక ఆడమనిషి ఉండాలి. "పరువు కోసం సర్దుకో అమ్మా" అని అందరూ మీకే చెప్తుంటే లేచి వచ్చేయండి, పరువు తీసింది మీరు కాదు. ఇంకోటి, మనలో చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. స్టాంపు కాగితం మీద ఒడియాలో ఏదో రాసి సంతకం పెట్టమంటే, మీ మనిషి చదివి చెప్పేదాకా పెట్టొద్దు.

2018 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వివాహేతర సంబంధం మన దేశంలో నేరం కాదు, దానికోసమే స్టేషన్‌కి వెళ్తే కేసు కాదు. హిందూ వివాహ చట్టం కింద విడాకులకు మాత్రం అది కారణమే. పెళ్ళి సోంపేటలో అయి కాపురం బరంపురంలో ఉందనుకోండి, ఎక్కడ వేయాలని టెన్షన్ పడొద్దు: పెళ్ళి జరిగిన చోటు, చివరగా కలిసున్న చోటు, లేదా భార్య వేస్తే ఆమె ఇప్పుడు ఉంటున్న చోటు, ఎక్కడైనా వేయొచ్చు. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవా సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, నంబరు 15100.

చెయ్యి చేసుకుంటే మాత్రం పైన చెప్పిన ఓపికంతా పక్కన పెట్టేయండి. ఆ రాత్రే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, పక్కింటి తలుపు కొట్టండి, వీధంతా లేచినా సరే.