ఘాట్‌లో వానలు దిగకముందే: ఆటోమేటిక్ బండి కింద ఎర్ర చుక్క కనిపిస్తే

జయపురం, కోరాపుట్, సునాబెడ వైపు ఉండే మనలో చాలామందికి పెళ్ళికైనా పండక్కైనా ఊరెళ్ళే దారి సుంకి ఘాట్ మీదుగా సాలూరే. జూన్ దాటాక అక్కడ వాన, పొగమంచు, ఎత్తులో లారీల వెనక నడక వేగం. ఆటోమేటిక్ బండిలో ఆ వేడంతా గేర్‌బాక్స్ ఆయిలే మోయాలి. ఆయిల్ తగ్గితే లోపలి ప్రెషర్ పడిపోయి, క్లచ్ ప్లేట్లు జారి కాలిపోతాయి. అందుకే నేల పొడిగా ఉండగానే బండి కింద చూసుకోండి. వాన మొదలయ్యాక అడుగంతా బురద పట్టి, ఏది నీరో ఏది ఆయిలో తేలదు.

రాత్రి ఇంజిన్ కింద పెద్ద అట్ట పరిచి, ముందు చక్రాలు ఎటున్నాయో దాని మీద పెన్నుతో గుర్తు పెట్టండి. పొద్దున ఎర్రగా, పల్చగా, జిడ్డుగా చుక్కలుంటే గేర్‌బాక్స్ ఆయిల్ అనుకోవచ్చు. పాతబడితే గోధుమ రంగుకు దిగుతుంది. కొన్ని బండ్లలో పవర్ స్టీరింగ్‌కీ ఇదే ఎర్ర ఆయిల్ పోస్తారు కాబట్టి చుక్క ఎక్కడ పడిందో కూడా చూడాలి. సీవీటీ (గేర్లకు బదులు బెల్టుతో నడిచే రకం) ఆయిల్ రంగు వేరుగా ఉండొచ్చు. ఏఎంటీ (మామూలు గేర్లనే యంత్రం మార్చే రకం) బండి గేర్‌బాక్స్‌లో ఉండేది మామూలు గేర్ ఆయిలే, ఈ రంగు లెక్క దానికి పనికిరాదు. కాలిన వాసన వచ్చినా, గేరు లివరు డీలో (ముందుకెళ్ళే చోట) వేశాక బండి ఆగి ఆగి కదిలినా ఇంట్లో పని పెట్టుకోకండి, మెకానిక్‌కి చూపించండి.

కిందికి దూరేముందు ఒక్కమాట. జాకీ బండిని ఎత్తడానికే, మోయడానికి కాదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద పడుకోవద్దు, చక్రం మార్చేటప్పుడు కూడా. చదునైన సిమెంటు నేల మీద పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, నేలమీద ఉండే చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టి, మాన్యువల్‌లో చూపిన చోట బరువు మోసే జాక్ స్టాండ్లు పెట్టాక, బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదిలితే దించేసి మళ్ళీ పెట్టండి. ఇటుకలు అసలు వాడొద్దు, బరువుకి ఒక్కసారిగా పగులుతాయి. ఇంజిన్ ఆపి రెండు గంటలైనా ఆగండి. వేడి ఆయిల్ చేతి మీద పడితే చర్మం ఊడుతుంది. ఇంట్లో ఇంకొకరు దగ్గర ఉండాలి, పిల్లలు ఉండకూడదు.

పోయినేడు మా బావ బండికి గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే రేకు ప్యాన్ అంచు తడిగా కనిపించింది. ఒక షెడ్‌లో బోల్టులన్నీ బలంగా బిగించి పంపేశారు. వారంలో లీకు ఎక్కువైంది. విప్పి స్కేలు ఆనించి చూస్తే, బోల్టు రంధ్రాల దగ్గర రేకు లోపలికి వంగి, స్కేలు కింద నుంచి వెలుతురు కనిపించింది. అసలు లీకు పైన, ఆయిల్‌ని చల్లార్చే కూలర్ పైపు క్లిప్పు దగ్గర. ఆయిల్ అక్కణ్ణుంచి జారి ప్యాన్ అంచున చుక్క కట్టింది. "ముందే పైన చూసుంటే ప్యాన్ దక్కేది బావా" అన్నాను. ఆ పైపుతో పోయేదానికి కొత్త ప్యాన్ కూడా కొనాల్సొచ్చింది.

కాబట్టి ముందు అడుగంతా జిడ్డు తీసే డీగ్రీజర్‌తో తుడిచి ఆరనివ్వండి. వైర్ల కనెక్టర్ల మీద కొట్టొద్దు. ఆరాక అనుమానమున్న చోట్ల ముఖానికి వేసుకునే పౌడరు పల్చగా చల్లి, ఓ పది కిలోమీటర్లు తిరిగి రండి. బండి చల్లారాక మళ్ళీ స్టాండ్ల మీద పెట్టి టార్చ్ వేస్తే పౌడరు మీద తడి గీత కనిపిస్తుంది. గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది గనక అన్నింటికంటే పైన, ముందున్న తడినే నమ్మండి.

డ్రెయిన్ ప్లగ్ వాషరు, కూలర్ పైపు క్లిప్పు, ప్యాన్ గ్యాస్కెట్ (అంచున కారకుండా ఆపే పొర) వరకు ఓపికున్నవాళ్ళు ఇంట్లో చేసుకోవచ్చు. ప్యాన్ బోల్టులకు చాలా బండ్లలో బిగింపు బలం 10 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ చాలు. మాన్యువల్ అంకె చూసి బిగింపు బలం కొలిచే టార్క్ పానాతో ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగించండి. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట నుంచి కారుతుంటే అది ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ సీలు కావచ్చు, గేర్‌బాక్స్ దించాల్సిందే. చక్రాలను తిప్పే యాక్సిల్ సీలు కూడా షెడ్ పనే.

ఆయిల్ తీసేముందు, నింపే ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోండి. అది పట్టేసి ఉంటే తీసిన ఆయిల్ తిరిగి పోయలేరు. బయటికొచ్చింది కొలిచి, మాన్యువల్‌లో రాసిన రకమే ముందు అంతే కొలత పోసి, లీకులో పోయినంత లెవెల్ చూసి కలపండి. ఎక్కువైతే నురగ కట్టి అదీ చెరుపే. డిప్‌స్టిక్ లేని బండిలో లెవెల్‌ని ఆయిల్ వేడి కొలిచి చూడాలి, దానికి షెడ్‌కే వెళ్ళండి. పాత ఆయిల్ కాలవలో పోయకండి. మొదటి వానకే గెడ్డల్లో కలుస్తుంది. డబ్బాలో పోసి షెడ్ వాళ్ళకివ్వండి.

ఇంత చేసినా ఘాట్‌లో ఇంజిన్ అరుస్తూ బండి లాగకపోతే, వెడల్పుగా ఉన్న చోట పక్కకు తీసి ఆపేయండి. తాడు కట్టి లాగించొద్దు, తిరిగే చక్రాలతో గేర్‌బాక్స్ ఎండిపోయి అరుగుతుంది. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ బండినే పిలవండి, వచ్చేదాకా హజార్డ్ లైట్లు వెలిగించి మనుషులంతా రోడ్డుకు దూరంగా నిలబడండి.