పచ్చళ్లు, గానుగ నూనె అమ్మే చిన్న రైతుకు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్: దరఖాస్తు విధానం

ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐకి ముందు అసలు దరఖాస్తు అవసరమో లేదో చూసుకోండి. మీ చేలో పండిన మామిడికాయలు, వేరుశనగకాయలు, కూరగాయలు మీరే సంతలో అమ్ముకుంటే ఏ కాగితమూ అక్కర్లేదు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం (2006) సెక్షన్ 18(3) రైతును, సాగును, పొలం దగ్గర రైతు తీసిన పంట ఉత్పత్తులను ఆ చట్టం నుంచి మినహాయించింది. రైతుబజారులో ఎవరైనా లైసెన్సు ఏదని ఆపితే ఈ సెక్షన్ నంబరు చెప్పండి. సహకార డెయిరీ సంఘంలో సభ్యులై, పాలన్నీ ఆ సంఘానికే పోసేవారికీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

అదే మామిడికాయ ఆవకాయై సీసాలోకి ఎక్కితే మీరు ఆహార వ్యాపారి కిందికి వస్తారు. సొంత చెరుకుతో పొలంలోనే బెల్లం వండేవారు 18(3) మీద వాదించవచ్చు గానీ, కిరాణా కొట్టువాడు రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా సరుకు దించుకోడు. వాదన కంటే రిజిస్ట్రేషనే చవక.

ఇక్కడే ఏజెంట్లు రైతును ముంచుతారు. చిన్న తయారీదారుకు, కుటీర పరిశ్రమకు లైసెన్సు అవసరం లేదు, రిజిస్ట్రేషన్ చాలని అదే చట్టం సెక్షన్ 31(2) చెబుతోంది. ఆ చట్టం కింద వచ్చిన 2011 లైసెన్సు, రిజిస్ట్రేషన్ నిబంధనలు దీనికి మొదట పెట్టిన హద్దు ఏడాదికి 12 లక్షల టర్నోవరు, ఫీజు ఏడాదికి 100 రూపాయలు. టర్నోవరంటే లాభం కాదు, మొత్తం అమ్మకం. హద్దయినా ఫీజయినా దరఖాస్తు రోజున పోర్టల్ చూపించేదే లెక్క. అంతకు మించి వేలల్లో అడిగితే అది ఏజెంటు జేబులోకే.

దరఖాస్తు ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఆన్‌లైన్ వేదిక ఫోస్కోస్ పోర్టల్‌లో. మొబైల్ నంబరు, ఈమెయిల్‌తో ఖాతా తెరవండి. ఈమెయిల్ మీదే ఉండాలి. మీసేవ వారిదో, ఏజెంటుదో ఇస్తే తర్వాత వచ్చే ప్రశ్నలు మీ కంటపడవు. రాష్ట్రం ఎంచుకున్నాక వ్యాపార రకం అడుగుతుంది. ఎక్కువ దరఖాస్తులు చెడేది ఇక్కడే. పచ్చడి మీరే పెడుతూ 'రిటైలర్' అని నొక్కితే సర్టిఫికెట్ అమ్మకానికే వస్తుంది, తయారీకి పనికిరాదు. తయారీ కింద మీ సరుకు ఉన్న వర్గాన్నే ఎంచుకోండి. నూనె, పచ్చడి రెండూ చేస్తే రెండూ చేర్చండి.

తర్వాత రిజిస్ట్రేషన్ దరఖాస్తు పత్రం, ఫారం ఎ. ఫొటో, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు, తయారీ జరిగే చోటికి చిరునామా రుజువు కావాలి. ఆధార్‌లో ఒక ఊరు, గానుగ ఇంకో ఊళ్లో ఉంటే గానుగ ఉన్న చోటి కరెంటు బిల్లో, పంచాయతీ ఇంటిపన్ను రసీదో పెట్టండి. బిల్లు తండ్రి పేరున ఉంటే ఆయన సంతకంతో అభ్యంతరం లేదని ఒక కాగితం జతచేయడం మంచిది. ఫీజు కట్టగానే 17 అంకెల దరఖాస్తు నంబరు వస్తుంది. ఆ పేజీని తేదీ కనబడేలా ప్రింటు తీసి దాచండి, ఎందుకో కింద చెబుతాం.

దరఖాస్తు అందిన 7 రోజుల్లో అధికారి రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి నోటీసు ఇవ్వాలి. తనిఖీ అంటే 30 రోజుల్లో తేల్చాలి. ఈ గడువులు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే వ్యాపారం మొదలుపెట్టుకోవచ్చని 2011 నిబంధనల 2.1.1 స్పష్టంగా చెబుతోంది. తర్వాత అధికారి ఏదైనా సరిచేయమంటే చేయాలి, అంతే. మీ మాట వినకుండా తిరస్కరించడానికీ వీల్లేదు. అందుకే ఆ ప్రింటు. మధ్యలో పోర్టల్‌లో ప్రశ్న వస్తే మాత్రం వెంటనే జవాబివ్వండి, పట్టించుకోకపోతే దరఖాస్తు మూసేస్తారు.

తనిఖీలో చూసేది గ్రానైటు బండలు కాదు. తాగడానికి పనికొచ్చే నీరు, ఈగలు వాలకుండా మూతలు, వంటచోటికి దూరంగా పశువులు, చెత్తకు మూత ఉన్న డబ్బా, చేతులు కడుక్కోవడానికి సబ్బు.

వచ్చిన 14 అంకెల నంబరు 2తో మొదలవుతుంది. 1తో మొదలైతే అది లైసెన్సు. నంబరును లేబుల్ మీద వేయాలి. దాంతోపాటు దినుసులు (ఎక్కువ వాడినది ముందు), నికర బరువు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, చిరునామా, శాకాహార గుర్తు ఉండాలి. గానుగ నూనెను క్యాను నుంచి కొనేవాడి సీసాలోకి వంచి అమ్మడం చాలాచోట్ల మామూలే గానీ, రాష్ట్రం మినహాయిస్తే తప్ప విడి నూనె అమ్మకం నిషిద్ధం. ప్యాక్ చేసి, లేబుల్ వేసే అమ్మాలి.

పరీక్ష కోసం అధికారి మీ సరుకు శాంపిల్ తీస్తే దాని ధర మీకు చెల్లించాలి. శాంపిల్‌ను నాలుగు భాగాలు చేస్తారు, ఒకదాన్ని గుర్తింపు పొందిన ల్యాబుకు పంపమని మీరు అడగొచ్చు. అక్కడికక్కడే రాతపూర్వకంగా అడగండి. శాంపిల్‌ను పరీక్షించే ఫుడ్ అనలిస్టు ఇచ్చిన రిపోర్టు మీద 30 రోజుల్లో డిజిగ్నేటెడ్ ఆఫీసరుకు (మీ ప్రాంతంలో ఈ చట్టం అమలు చూసే అధికారి) అప్పీలు చేసుకోవచ్చు. లోపాలు దిద్దుకోమనే ఇంప్రూవ్‌మెంట్ నోటీసైతే కనీసం 14 రోజుల గడువివ్వాలి; దాని మీద ఫుడ్ సేఫ్టీ కమిషనరుకు అప్పీలు చేయడానికి 15 రోజులు, లేదా నోటీసులో ఇచ్చిన గడువు, ఏది ముందు ముగిస్తే అంతవరకే ఉంటుంది. ఆ 15 రోజులు నోటీసు చేతికందిన రోజు నుంచి మొదలవుతాయి, కాబట్టి సంతకం పెట్టేటప్పుడు పక్కనే తేదీ కూడా వేయండి.