బెంగళూరులో ఇంజనీరింగ్ మొదటి ఏడాది: తెలుగు విద్యార్థుల సమస్యలు, అసలు కారణాలు, పరిష్కారాలు

ఇంటర్‌లో పొద్దున స్టడీ అవర్ మొదలుకొని రాత్రి లైట్లు ఆర్పేదాకా ఏ గంటలో ఏం చదవాలో కాలేజీయే చెప్పేది. వారానికో టెస్టు, వెనకబడితే పిలిచి కూర్చోబెట్టే లెక్చరర్, నాన్న ఫోన్‌కి వెళ్లే మార్కుల మెసేజ్. బెంగళూరులో చేరిన రోజు నుంచి ఇవేవీ ఉండవు. మొదటి సెమిస్టర్‌లో మనవాళ్లకు ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి. పైకి మాత్రం ఒక్కోటి ఒక్కో రూపంలో కనిపిస్తుంది. అందుకే ముందు కారణం పట్టుకోవాలి.

కింద చెప్పిన మార్కులు, హాజరు లెక్కలు వీటీయూ (విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ) 2022 స్కీమువి, అంటే ఆ ఏడాది వచ్చిన సిలబస్, పరీక్షల నిబంధనలవి. తర్వాత వచ్చిన స్కీముల్లో, సొంతంగా పరీక్షలు పెట్టుకునే అటానమస్ కాలేజీల్లో, డీమ్డ్ యూనివర్సిటీల్లో అంకెలు మారవచ్చు. చేరిన వారంలోనే మీ కాలేజీ రెగ్యులేషన్స్ తీసుకుని సరిచూసుకోండి.

సమస్య: బాగానే చదివాను, ఇంటర్నల్స్‌లో మార్కులు రాలేదు

ఇంటర్నల్స్ అంటే సెమిస్టర్ మధ్యలో కాలేజీయే పెట్టే పరీక్షలు. దిద్దిన పేపర్ చేతికొచ్చాక మార్కు చూసి మడిచి బ్యాగులో పెట్టేయకండి. ఎక్కడ పోయాయో చూడండి. చివరి ప్రశ్నలు ఖాళీగా ఉంటే అది టైం సమస్య. జవాబు సరైనదే అయినా సగం మార్కులే పడితే స్టెప్పులు రాయకపోవడం. మొదటి లైనే తప్పయితే పాఠం అర్థం కాలేదని. మూడింటికీ మందు వేరు. అందరూ చేసే పని మాత్రం ఒకటే, ఇంకో రెండు గంటలు ఎక్కువ చదవడం. అది మూడో రకానికి తప్ప పనికిరాదు.

మనవాళ్లలో ఎక్కువ కనిపించేది రెండోది. ఈఏపీసెట్‌కీ (పాత ఎంసెట్) జేఈఈకీ రెండేళ్లు ఆప్షన్లు చూసి, షార్ట్‌కట్ వేసి, జవాబు టిక్ పెట్టడం అలవాటైన చెయ్యి అది. ఇక్కడ దారికే మార్కులు. మాట్రిక్స్ ర్యాంకు కనుక్కోమన్నారనుకోండి. ప్రతి మాట్రిక్స్ పక్కన ఏ ఆపరేషన్ చేశారో రాయాలి: రెండో వరుస నుంచి మొదటి వరుసకు రెండింతలు తీసేశాం, ఇలా. అది రాసి ఉంటే మధ్యలో ఒక మైనస్ గుర్తు తప్పినా, పద్ధతి తెలుసని దిద్దేవాళ్లకు కనిపిస్తుంది, స్టెప్ మార్కులు పడతాయి. రాయకపోతే తప్పు ఎక్కడ జరిగిందో ఎవరికీ తెలియదు, మీతో సహా.

సెమిస్టర్ చివరి పరీక్షలో ఐదు మాడ్యూళ్లు (సిలబస్ భాగాలు). మాడ్యూల్‌కు రెండు ప్రశ్నలిస్తారు, ఒకటి రాయాలి. ప్రశ్నకు 20 మార్కులు, మూడు గంటలు. అంటే ప్రశ్నకు 36 నిమిషాలు. ఇంట్లో ఒక్క ప్రశ్ననైనా గడియారం పెట్టుకుని 36 నిమిషాల్లో రాసి చూడండి. ఈ పని ఇంటర్నల్స్‌కు రెండు వారాల ముందు మొదలుపెట్టాలి, ముందురోజు రాత్రి కాదు.

పాస్ లెక్క కూడా చాలామంది సరిగా చూడరు. ఇంటర్నల్స్‌లో 50కి కనీసం 20, ఫైనల్‌లో 100కి రాసినదాన్ని 50కి కుదించాక కనీసం 18, రెండూ కలిపి 40 ఉండాలి. 20కి 18 కలిపితే 38, అంటే రెండుచోట్లా కనీసం తెచ్చుకున్నా ఫెయిలే. అదే ఇంటర్నల్స్‌లో 35 చేతిలో ఉంటే ఫైనల్‌లో 18 చాలు. మొదటి ఇంటర్నల్‌ను తేలిగ్గా వదిలేసినవాళ్లు ఆ భారమంతా చివరి మూడు గంటల మీద పెడుతున్నారు.

సమస్య: సీ ప్రోగ్రామింగ్ రికార్డు పూర్తయింది, వైవాలో నోరు పెగలదు

రికార్డు చూసి రికార్డు దించితే ఇంతే. ఇంటర్ ఎంపీసీలో కంప్యూటర్ ముట్టనివాళ్లు మనలో చాలామంది, అందులో తప్పేం లేదు. పది లైన్ల ప్రోగ్రామ్ తీసుకుని చూడకుండా కాగితం మీద రాయండి, తర్వాత టైప్ చేయండి. అది నడిచాక కావాలనే చెడగొట్టండి. ఒక సెమికోలన్ తీసేయండి. ఎర్రర్ కొన్నిసార్లు దాని కింది లైన్ నంబరు చూపిస్తుంది, ఒక్క తప్పుకే నాలుగైదు ఎర్రర్లు కూడా రావచ్చు. కాబట్టి ఎప్పుడూ మొదటి ఎర్రర్ చదివి, దాన్ని సరిచేసి, మళ్లీ కంపైల్ చేయాలి. తర్వాత స్కాన్‌ఎఫ్‌లో వేరియబుల్ ముందుండే ఆంపర్సండ్ (&) గుర్తు తీసేయండి. వార్నింగ్ వచ్చినా కంపైల్ అయిపోతుంది, నడిపినప్పుడు చాలాసార్లు కూలిపోతుంది. ఎందుకంటే విలువ ఎక్కడ పెట్టాలో అడ్రస్ ఇవ్వలేదు. ఇలా చేత్తో చెడగొట్టి బాగుచేసినది వైవాలో దానంతటదే నోటికొస్తుంది.

సమస్య: హాజరు 75 దగ్గర ఆగిపోయింది

ఉండాల్సింది 85%, అదీ ప్రతి సబ్జెక్టులో విడివిడిగా. అనారోగ్యం లాంటి సరైన కారణానికి 75% దాకా మినహాయింపు దొరకవచ్చు. దాన్ని ముందే లెక్కలో కలుపుకోకండి.

కారణం ఎక్కువగా ఇంటి ప్రయాణాలే. గురువారం రాత్రి బస్సెక్కి సోమవారం మధ్యాహ్నానికి తిరిగొస్తే శుక్రవారం, సోమవారం పోయినట్టే. ఒక సబ్జెక్టు క్లాసులు ఆ రెండు రోజుల్లోనూ ఉంటే ప్రయాణానికి రెండు క్లాసులు పోతాయి. సెమిస్టర్‌లో 40 క్లాసులున్న సబ్జెక్టులో మానగలిగేవి ఆరే, మూడు ప్రయాణాలతో సరి. ఆ తర్వాత జ్వరమొస్తే గతేంటి?

పడిపోయాక లేపడం ఎంత కష్టమో చూడండి. 20 క్లాసుల్లో 15కి వెళ్లారు, 75%. మళ్లీ 85 దాటాలంటే ఒక్కటీ మానకుండా వరుసగా 14 క్లాసులకు వెళ్లాలి, అప్పటికి 34లో 29. అందుకే నెలాఖరున కాకుండా ప్రతి శనివారం సబ్జెక్టుల వారీగా లెక్క రాసుకోండి. పోర్టల్‌లో తప్పు కనబడితే ఆ వారంలోనే లెక్చరర్‌ని అడగండి. మెడికల్ సర్టిఫికెట్ కూడా తిరిగొచ్చిన రోజే ఇచ్చేయాలి, సెమిస్టర్ చివర్లో ఇస్తే అనుమానంగా చూస్తారు.

పండగ టికెట్లు దొరక్క ఒకరోజు ముందే బయల్దేరడం ఇంకో కారణం. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. సంక్రాంతికి జనవరి 11న బయల్దేరాలంటే నవంబరు 12న బుక్ చేయాలి. తత్కాల్ అయితే ముందురోజు ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11కి. తిరుపతి, కుప్పం వైపు వెళ్లే రైళ్లు చాలావరకు కృష్ణరాజపురంలో ఆగుతాయి, పక్కనే పర్పుల్ లైన్ మెట్రో ఉంది. వైట్‌ఫీల్డ్ వైపు ఉండేవాళ్లు నగరం మధ్యలో ప్రధాన స్టేషన్ ఉన్న మెజెస్టిక్ దాకా పోనక్కర్లేదు.

సమస్య: క్లాసులో చెప్పేది అర్థం కావడం లేదు, కన్నడ అసలే రాదు

ఇంగ్లిష్ రాకపోవడం వల్లే అనుకుంటారు. చాలామందికి అసలు ఇబ్బంది వేగం: ఇంటర్‌లో వారం చెప్పే పాఠం ఇక్కడ రెండు క్లాసుల్లో అయిపోతుంది. ముందురోజు రాత్రి పావుగంట కూర్చుని రేపటి పాఠంలోని కొత్త మాటలు, బొమ్మలు చూసుకుని వెళ్లండి, తేడా వారంలోనే తెలుస్తుంది. లెక్చరర్ మధ్యలో కన్నడలోకి వెళ్లిపోతే చెయ్యెత్తి ఇంగ్లిష్‌లో చెప్పమని అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

కన్నడ రానివాళ్లకు వీటీయూలో బళకే కన్నడ (వాడుక కన్నడ) అనే పేపర్ ఉంటుంది. చిన్నదే కదా అని వదిలేస్తే అదే బ్యాక్‌లాగ్ అవుతుంది. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు లాంటిది. రోజూ బీఎంటీసీ బస్సు బోర్డులు చదువుతూ పోతే కొద్ది వారాల్లో పట్టుబడుతుంది. ఎష్టు (ఎంత), ఎల్లి (ఎక్కడ), బేకు (కావాలి), బేడ (వద్దు), గొత్తిల్ల (తెలియదు), ఈ ఐదు మాటలతో కండక్టర్ దగ్గరా కూరగాయల బండి దగ్గరా మొదలుపెట్టండి.

సమస్య: పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్‌లో) తిండి పడటం లేదు, జుట్టు రాలుతోంది, అడ్వాన్సు తిరిగివ్వనంటున్నారు

పొట్ట పాడైతే ముందు నీళ్లు చూడండి. తాగే నీళ్ల ఫిల్టర్‌కు చివరిసారి సర్వీసు ఎప్పుడైందో అడగండి, తెలియదంటే క్యాన్ తెచ్చుకోండి. నగరంలో చాలాచోట్ల స్నానానికి వచ్చేది బోరు నీళ్లు, ఉప్పు ఎక్కువ. కెటిల్ అడుగున తెల్లగా పేరుకుంటుంటే అదే గుర్తు. తలస్నానం చివర ఒక మగ్గు ఫిల్టర్ నీళ్లు పోసుకుంటే జుట్టు బిరుసెక్కడం తగ్గుతుంది. అయినా రాలడం ఆగకపోతే తిండీ నిద్రా చూసుకోవాలి, డాక్టర్‌కి చూపించాలి.

అడ్వాన్సు గొడవలన్నీ నోటిమాట వల్లే. డబ్బు కట్టకముందే నాలుగు ప్రశ్నలు: ఖాళీ చేయడానికి ఎన్నాళ్ల ముందు చెప్పాలి, మెయింటెనెన్స్ కింద ఎంత పట్టుకుంటారు, మధ్యలో వెళ్లిపోతే ఏమవుతుంది, సెలవుల్లో అద్దె కట్టాలా. జవాబులు వాట్సాప్‌లో రాయించుకోండి. చేరిన రోజే గోడలు, మంచం, బాత్రూమ్ ఫోటోలు తీసి ఓనర్‌కు పంపండి. ఆంధ్రా భోజనం అని బోర్డున్నా సరే, ఒక రాత్రి తిని చూశాకే కట్టండి.

సమస్య: స్కాలర్‌షిప్ మంజూరైంది, డబ్బు పడలేదు

ఇంటర్‌లో మీ బోర్డు టాప్ 20 పర్సంటైల్‌లో ఉండి, ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపుంటే, కేంద్ర స్కాలర్‌షిప్ కింద మొదటి మూడేళ్లు ఏటా 12,000 రూపాయలు రావచ్చు. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. వేరే స్కాలర్‌షిప్ తీసుకుంటుంటే ఇది రాదు.

ఆగిపోయేది సాధారణంగా రెండుచోట్ల. దరఖాస్తు పంపాక కాలేజీలో స్కాలర్‌షిప్ పనులు చూసే నోడల్ ఆఫీసర్ వెరిఫై చేయాలి, వాళ్లను మీరే వెళ్లి కలవాలి. రెండోది బ్యాంకు: ఇలాంటి డబ్బు ఆధార్‌కు చివరగా ముడిపడిన ఖాతాలోకి పోతుంది. కాలేజీ పక్కన కొత్త ఖాతా తెరిచి దాని నంబరు ఇచ్చినా, ఆధార్ సీడింగ్ ఊళ్లోని పాత ఖాతాకే ఉంటే డబ్బు అక్కడ పడుతుంది. పాత ఖాతా వాడకం లేక నిలిచిపోయి ఉంటే తిరిగిపోతుంది. దరఖాస్తుకు ముందే బ్యాంకుకు వెళ్లి సీడింగ్ ఎక్కడుందో తేల్చుకోండి.

టీసీ, మెమోల అసలు కాగితాలు కాలేజీ తన దగ్గరే ఉంచుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. చూపించండి, సరిచూశాక వెనక్కి తీసుకోండి. స్కాన్ కాపీలు ఇంట్లో ఒకరి దగ్గరా ఉండాలి.

సమస్య: ఎవరితోనూ మాట్లాడాలనిపించదు, నిద్ర పట్టదు

మొదటి నెలలో ఇంటి మీద బెంగ మామూలే. రెండు వారాలు దాటినా తిండి సయించకపోయినా, నిద్ర లేకపోయినా, క్లాసుకు లేవాలనిపించకపోయినా సర్దుకుంటుందిలే అని ఊరుకోవద్దు. కాలేజీ కౌన్సెలర్‌ని కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. స్నేహితుడిలో ఈ లక్షణాలు కనిపిస్తే మీరే పక్కన కూర్చుని ఆ ఫోన్ చేయించండి.

సమస్య: సీనియర్లు రాత్రిపూట రూముకు రమ్మంటున్నారు

పరిచయాలకు పగలు, క్యాంటీన్ చాలు. రాత్రి రమ్మన్నా, పాడమన్నా, డబ్బడిగినా అది ర్యాగింగే. యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 రోజంతా పనిచేస్తుంది, పేరు చెప్పకుండానూ ఫిర్యాదు చేయవచ్చు. మెసేజ్‌లు డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి ఇంట్లోవాళ్లకు పంపండి. తారీఖు, సమయం, చోటు రాసిపెట్టుకుంటే ఫిర్యాదు గట్టిగా నిలబడుతుంది.