అద్దె ఇంటి గోడకు డ్రిల్ పెట్టే ముందు

టీవీ స్టాండు బిగిస్తూనో, అర కొడుతూనో గోడలోని వైరుకు డ్రిల్ తగిలి షాక్ కొట్టిన వార్త మళ్లీ వచ్చింది. చెప్పులు, కళ్లద్దాల సంగతి అందరికీ తెలిసిందే. కొంప ముంచేది ఒక్కటే: స్విచ్‌బోర్డుకు సూటిగా పైనో, కిందో, పక్కనో కన్నం వేయడం.

సొంతిల్లయితే గోడలో వైర్ల పైపులు ఎటు పోయాయో కట్టేటప్పుడే చూసి ఉంటారు. అద్దెకు దిగినవాళ్లకు తెలిసే దారి లేదు, ఓనరుకూ చాలాసార్లు గుర్తుండదు. మామూలుగా వైరు పైపు బోర్డు నుంచి నిలువుగా స్లాబు దాకా పోతుంది, కొన్ని ఇళ్లలో బోర్డు నుంచి బోర్డుకు అడ్డంగా. అందుకని ప్రతి బోర్డుకు, ఏసీ పాయింటుకు నిలువుగా, అడ్డంగా గీతలు ఊహించుకుని, ఇరువైపులా జానెడు వదిలేయండి. బాత్‌రూములో కుళాయిలకూ గీజరుకూ ఇదే లెక్క, అక్కడ నీళ్ల పైపులు. తొందరపడి ఏటవాలుగా లాగేసిన మహానుభావులూ ఉంటారు, కాబట్టి గీత తప్పించినా కరెంటు తీయాల్సిందే.

స్విచ్ ఆపితే చాలదు, స్విచ్ దాకా వచ్చే వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది. మెయిన్ దించండి. ఇన్వర్టర్‌నూ ఆపండి, లేకపోతే మెయిన్ దించినా లైట్ల లైను బతికే ఉంటుంది. డ్రిల్ బ్యాటరీది వాడండి. కరెంటు పోయిందో లేదో టెస్టర్ పెట్టి చూడండి, కానీ ఆ టెస్టర్ వెలుగుతోందో లేదో మెయిన్ దించకముందే చూసుకోండి. చెడిపోయిన టెస్టరూ వెలగదు కదా.

కన్నంలోంచి రాలే పొడి ఏ రంగులో ఉందో గమనించండి. ఎర్ర ఇటుక గోడైతే బూడిద రంగు పొడి ప్లాస్టరింగుది, ఎర్రపొడి ఇటుకది. ప్లగ్ (స్క్రూ పట్టు కోసం కన్నంలో దూర్చే ప్లాస్టిక్ ముక్క) నిలవాల్సింది ఇటుకలో. ప్లాస్టరింగులోనే ఆగితే పెచ్చుతో సహా ఊడొస్తుంది. ప్లాస్టిక్ తురుము వచ్చిందా, వైరు పైపుకు తగిలి ఉండొచ్చు, ఆపేయండి. కన్నం పూడ్చేసి ఊరుకోవద్దు. ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఆ లైను వేయొద్దు.

6 మి.మీ. ప్లగ్‌కు 6 మి.మీ. బిట్టే (డ్రిల్‌కు తగిలించే ములికి).
ప్లగ్ పొడవుకు 5 మి.మీ. కలిపి, అక్కడ బిట్టుకు టేపు చుట్టండి, కన్నం అంత లోతే.
టైలు మీద హ్యామర్ మోడ్ (తిరుగుతూనే సుత్తిలా కొట్టే సెట్టింగు) వద్దు, పగులుతుంది.
పిల్లరు, బీము ముట్టుకోవద్దు.
ఓనరు ఫోన్లో "సరే" అంటే చాలదు. మెసేజ్ పెట్టించుకోండి, పనికి ముందు గోడ ఫొటో తీయండి.


బోర్డుకు సూటిగా పైన వద్దు. కిందా వద్దు, పక్కనా వద్దు.
"చిన్న మేకే కదా" అనొద్దు. వైరుకు మేకైనా ఒకటే, డ్రిల్ అయినా ఒకటే.