చైనా యాత్రికుల రాతలు చదవడం – 3వ పాఠం: మన దేశం పేరు

ఈ పాఠంలో ఒకే ఒక్క పని నేర్చుకుందాం. ఒక పేరు కనబడగానే, దాన్ని శబ్దం కోసం రాశారా, అర్థం కోసం రాశారా అని అడగాలి. చైనీస్‌లో అక్షరం ఒట్టి ధ్వని కాదు, దానికో అర్థం కూడా ఉంటుంది. పరాయి పేరు రాయాలంటే దగ్గరగా పలికే అక్షరాలు ఏరుకోవాలి. వాటి అర్థం కూడా వెంట వచ్చేస్తుంది.

క్రీ.పూ. 2వ శతాబ్దంలో చైనా హాన్ వంశ చక్రవర్తి దూత జాంగ్ చియెన్ బాక్ట్రియా (ఇప్పటి ఉత్తర అఫ్ఘానిస్తాన్ వైపు) వెళ్లాడు. అక్కడ తమ సిచువాన్ వైపు బట్ట, వెదురు కర్రలు కనబడ్డాయి. ఎక్కడివని అడిగితే 'షెన్‌దు'లో కొన్నామన్నారు. అక్కడ ఉక్క ఎక్కువట, జనం ఏనుగులెక్కి యుద్ధం చేస్తారట. షెన్‌దు అంటే మన సింధు. రాసిన అక్షరాలు చూస్తే 'ఒళ్లు', 'విషం'! తిట్టారేమో అని టెన్షన్ పడకండి, అవి శబ్దం కోసమే. కొత్తగా చదివేవాళ్లు పొరబడేది ఇక్కడే.

తర్వాత వచ్చిన 'తియెన్‌జు' కూడా సింధు శబ్దమే. కాకపోతే మొదటి అక్షరానికి ఆకాశం, స్వర్గం అని అర్థం. బుద్ధుడు పుట్టిన నేల కదా, భక్తుడి కంటికి ఆ అక్షరం ఊరికే కనబడదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు హుయాన్‌త్సాంగ్‌ది. 645లో తిరిగి వెళ్లి, మరుసటి ఏడాది పూర్తిచేసిన గ్రంథంలో, పాత పేర్లు సరికాదు, 'యిందు' అనాలి అన్నాడు. యిందు అంటే చంద్రుడట! మనం 'ఇందువదన' అంటామే, ఆ ఇందువే. బుద్ధుడనే సూర్యుడు అస్తమించాక, ఆ చీకట్లో లోకానికి దారి చూపిన జ్ఞానులు వెన్నెలలాంటివాళ్లు, అందుకే ఆ పేరు అని వివరించాడు. వ్యుత్పత్తి తప్పు, ఇదీ సింధు నుంచి వచ్చిందే. అయినా ఆ తప్పును కొట్టేయకండి. మన దేశాన్ని ఆయన ఏ కళ్లతో చూశాడో అందులోనే ఉంది.

అభ్యాసం: 399లో బయల్దేరిన ఫాహియాన్ ఉత్తరాదిలోని మధుర దాటాక వచ్చే నేలను 'జోంగ్‌గువో' అన్నాడు. అంటే మధ్యదేశం. చైనా తనను తాను పిలుచుకునే పేరూ అదే. ఆయన తోటి భిక్షువు దావోజెంగ్, ఇక ఏ జన్మలోనూ సరిహద్దు నేలలో పుట్టకూడదని కోరుకుని ఇక్కడే ఉండిపోయాడు. జోంగ్‌గువో శబ్దమా, అర్థమా? దావోజెంగ్ సరిహద్దు అన్నది ఏ దేశాన్ని? నోటుబుక్కులో నాలుగు వాక్యాలు రాయండి. వచ్చే పాఠంలో హుయాన్‌త్సాంగ్ ధాన్యకటకం గురించి రాసిన భాగం చదువుదాం.