ఎలుక పెంటికలు కనబడితే చీపురు పట్టకండి

పశ్చిమాఫ్రికాలో, సియెర్రా లియోన్‌లోని కెనెమా పట్టణం చుట్టుపక్కల, గినీ, లైబీరియా అటవీ పల్లెల్లో లాస్సా జ్వరమనే వైరస్ జబ్బు ఎక్కువగా ఇంట్లోనే అంటుకుంటుంది. 1969లో నైజీరియాలోని లాస్సా ఊళ్ళో బయటపడిన ఈ వైరస్‌ను మోసేది మాస్టోమిస్ ఎలుక. వైరస్ దాన్ని పెద్దగా బాధపెట్టదు, మూత్రంలో, పెంటికల్లో మాత్రం బయటికొస్తూనే ఉంటుంది.

పెంటికలను పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందుగా తలుపులు తెరిచి అరగంట బయట ఉండండి. 5 శాతం బ్లీచ్ ఒక కప్పుకి తొమ్మిది కప్పుల నీళ్ళు కలపండి. ఇంకే క్లీనింగ్ ద్రవమూ అందులో పొయ్యకండి, విషవాయువు పుడుతుంది. చేతికి గ్లవుజులు వేసుకుని, పెంటికల మీద చిమ్మకుండా మెల్లగా పొయ్యండి. మట్టి నేల దాన్ని పీల్చేస్తుంది, మట్టిలో క్లోరిన్ బలం కూడా తగ్గుతుంది. అందుకే రెండోసారి కూడా తడపాలి. పది నిమిషాలాగి పాతగుడ్డతో ఎత్తి, గుడ్డతో సహా లోతుగా పూడ్చండి. చచ్చిన ఎలుకకూ ఇదే పద్ధతి. నిన్న కలిపిన ద్రావణం ఇవాళ వాడొద్దు.

ధాన్యం గోనెసంచిలో పెడితే ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. బిగుతు మూతున్న రేకు డబ్బాల్లో పొయ్యండి. బయట ఆరబోసిన బియ్యం, కర్రపెండలం చీకటి పడకముందే లోపలికి తెచ్చేయాలి. ఇదే చాలామంది వదిలేసే పని. మిగిలిన అన్నం గిన్నె మీద మూత, మూత మీద రాయి.

బొటనవేలు పట్టే కన్నమైనా ఎలుకకి దారే. ఇనుప పీచు కుక్కి, పైన సిమెంటు మెత్తండి. ఉత్త మట్టిని తవ్వేస్తుంది. బోన్లు పెట్టండి గానీ, వాటినే నమ్ముకోవద్దు. ఆడ ఎలుకకు 24 దాకా చన్నులుంటాయి, అంటే చాలా పిల్లలను పెంచగలదు, పైగా పట్టినవాటి స్థానంలోకి చేలనుంచి కొత్తవి వస్తాయి. తిండి దొరక్కుండా చేస్తేనే తగ్గుతాయి.

ఎలుక మాంసం బాగా ఉడికితే వైరస్ చస్తుంది. అసలు ప్రమాదం పట్టేటప్పుడు, తోలు వలిచేటప్పుడు. పిల్లలను ఎలుకల వేటకు పంపొద్దు.

వైరస్ సోకాక మూడు వారాల్లోపు ఎప్పుడైనా జ్వరం రావచ్చు. మలేరియా మందుకు దిగకపోయినా, గొంతునొప్పి, ఛాతీనొప్పి, ముఖం వాపు తోడైనా ఆలస్యం చెయ్యకండి. కెనెమా ప్రభుత్వాసుపత్రిలో దీనికి ప్రత్యేక వార్డుంది. గర్భిణికి, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయం కాబట్టి జ్వరం తెలిసిన రోజే తీసుకెళ్ళండి. రోగి వాంతి, రక్తం, మూత్రం గ్లవుజులు లేకుండా ముట్టుకోవద్దు. కోలుకున్నాక కూడా చెవుడు రావచ్చు, వినికిడి పరీక్ష చేయించండి.