సస్పెన్షన్ పడ్డ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌ను రెన్యువల్ చేయించుకోవడం ఎలా?

ముందు కార్డు తీసి చూడండి. గడువు తేదీలు రెండుంటాయి: ఎన్‌టీ (సొంత బళ్లకు, నాన్-ట్రాన్స్‌పోర్ట్) పక్కన ఒకటి, టీఆర్ (ట్రాన్స్‌పోర్ట్) పక్కన ఒకటి. లారీ, బస్సు తోలేవారికి టీఆర్ తేదీయే లెక్క. 2019 చట్ట సవరణ తర్వాత దీని గడువు 5 ఏళ్లు. ప్రమాదకర సరుకు ట్యాంకర్లకు 3 ఏళ్లే. ఎన్‌టీ తేదీ ఇంకా చాలా దూరం ఉంది కదా అని ధీమాగా తిరిగి దొరికిపోయేవాళ్లు తక్కువేం కాదు. గడువు తర్వాత 30 రోజుల దాకా నడపొచ్చన్న పాత వెసులుబాటు కూడా ఆ సవరణతోనే పోయింది.

ట్రాఫిక్ తప్పులకు పడే ‘పాయింట్లు’ అనే మాట 2017లో తెలంగాణ తెచ్చిన పద్ధతితో నోళ్లలో నానింది: 24 నెలల్లో 12 పాయింట్లు పడితే ఏడాది సస్పెన్షన్. అయితే రెన్యువల్‌కు అసలు అడ్డం మీ లైసెన్స్ నంబరు మీద ఉన్న సస్పెన్షన్ ఆర్డరే. చలానా కట్టేస్తే ఆర్డరూ పోతుందనుకోవద్దు. అది వేరు, ఇది వేరు.

అతివేగం, తాగి నడపడం, ప్రమాదకరంగా నడపడం లాంటి కేసుల్లో పోలీసులు లైసెన్స్ తీసుకుని ఆర్టీఏకి పంపుతారు. మోటారు వాహనాల చట్టం 19వ సెక్షన్ ప్రకారం మొదటిసారైతే 3 నెలల అనర్హత, మళ్లీ దొరికితే రద్దే. కానీ ఆర్డర్ ఇచ్చేముందు మీ వాదన వినాలి. ఇక్కడే చాలామంది నష్టపోతారు. షోకాజ్ నోటీసు కార్డు మీదున్న చిరునామాకు వెళ్తుంది, డ్రైవరేమో లైన్ మీద, అంటే ట్రిప్పులో ఉంటాడు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టండి. జవాబు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోండి. కేసు ఓవర్‌లోడ్‌దైతే బండి తూకం వేసిన కాటా చీటీ జత చేయండి. ఆర్డర్ వచ్చాక అప్పీలుకు 30 రోజులే గడువు.

సస్పెన్షన్ నడుస్తోందని టీఆర్ గడువు ఆగదు. ఉదాహరణకు జనవరి 20న 3 నెలల సస్పెన్షన్ పడింది, టీఆర్ మార్చి 10తో అయిపోతోంది అనుకుందాం. ఏప్రిల్‌లో సస్పెన్షన్ తీరినా బండెక్కడానికి లేదు. గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూల్లో రిఫ్రెషర్ కోర్సు పూర్తి చేస్తేనే కార్డు తిరిగి ఇస్తారు, ఆపైన రెన్యువల్. వచ్చే ఏడాది మార్చి 10 దాటిందా, మళ్లీ డ్రైవింగ్ టెస్టే. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి, ఏ గొడవా లేనప్పుడే ఆ పని ముగించుకోవడం తెలివైన పని.

కోర్సు సర్టిఫికెట్‌లో పేరు, లైసెన్స్ నంబరు కార్డులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాకే వెనక్కి పంపేస్తారు.

రెన్యువల్‌కు ఫారం 1ఏ మెడికల్ సర్టిఫికెట్ తప్పనిసరి. రిజిస్టరైన డాక్టరే సంతకం చేయాలి. 25 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటు చదవగలరా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలుస్తోందా, రేచీకటి ఉందా, హారన్ వినబడుతోందా అన్నవి అందులో ఉంటాయి. అద్దాలు వాడితే పెట్టుకునే వెళ్లండి. ప్రమాదకర సరుకు తోలేవారికి విడిగా ఆ సరుకు రవాణాకు సంబంధించిన రిఫ్రెషర్ శిక్షణ సర్టిఫికెట్ కూడా కావాలి.

కేంద్ర నిబంధనల ప్రకారం ఫీజు 200 రూపాయలు, కార్డుకు మరో 200. ఆలస్యమైతే 300, దానిపైన ఏడాదికి లేదా అందులో భాగానికి 1000 చొప్పున. సర్వీసు చార్జీలు వేరు. రవాణా శాఖ పోర్టల్‌లో ఫీజు కట్టి, స్లాట్ తీసుకుని, ఒరిజినల్స్‌తో వెళ్లండి.

గడువు అయిపోయాక చేయించిన రెన్యువల్ ఆ రోజు నుంచే అమల్లోకి వస్తుంది. మధ్యలో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ బాధితులకు కట్టి, ఆ డబ్బు బండి ఓనరు దగ్గర వసూలు చేసుకునే ప్రమాదం ఉంది. అనర్హతలో ఉండగా నడిపితే 3 నెలల వరకు జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఓనరు ఎంత బతిమాలినా ఒక్క ట్రిప్పు కూడా ఒప్పుకోకండి.

కొత్త కార్డు చేతికి రాగానే టీఆర్ తేదీతోపాటు హెవీ (భారీ వాహనాల) క్లాసు కూడా ఉందో లేదో అక్కడికక్కడే చూసుకోండి. తప్పుంటే ఆ రోజే చెప్పాలి.